పది కోర్ల లాప్‌టాప్ రెండే చూపిస్తోంది: దుకాణం మోసమా, నా లెక్క తప్పా?

ఎండాడ విద్యార్థిని (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఎనిమిది నెలల క్రితం ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో లాప్‌టాప్ కొన్నాను. పెట్టె మీద ఇంటెల్ కోర్ ఐ5-1235యు అని, 10 కోర్లు, 12 థ్రెడ్లు అని అచ్చయి ఉంది. బిల్లులోనూ అదే మోడల్ నంబరు రాసి ఉంది. ఇన్నాళ్ళూ నోట్సు రాసుకోవడానికి, వీడియో పాఠాలు చూడటానికి మాత్రమే వాడాను కనుక ఏ అనుమానమూ కలగలేదు.

ఇప్పుడు ప్రాజెక్టు కోసం కోస్తా జిల్లాల ముప్పై ఏళ్ళ వర్షపాతం ఫైళ్ళను, ఏడాదికి ఒకటి చొప్పున, పైథాన్‌లో రాసిన ప్రోగ్రాముతో చదివించి తుపాను రోజుల వానను వేరు చేస్తున్నాను. ఒకసారి నడపడానికి 41 నిమిషాలు పట్టింది. అంతసేపు ఎందుకు పడుతోందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పుటలో సీపీయూ మీద నొక్కితే కుడివైపు కింద ఇలా కనిపించింది: సాకెట్లు 1, కోర్లు 2, లాజికల్ ప్రాసెసర్లు 4. పైన పేరు మాత్రం ఐ5-1235యు అనే ఉంది, బేస్ స్పీడ్ 1.30 గిగాహెర్ట్జ్ అని ఉంది. నా ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ డీటెయిల్స్ పుటలో దాని వాడకం 25 శాతం దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

పాత ప్రాసెసరు పెట్టి కొత్త పేరు చూపించేలా ఏదైనా చేసి అమ్మారా? దుకాణం వారికి ఇవ్వడానికి ఒక ఫిర్యాదు ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. ఇచ్చే ముందు తెలిసినవారు ఎవరైనా చెబితే బాగుంటుందని ఇక్కడ అడుగుతున్నాను.

డాబాగార్డెన్స్ మరమ్మతులు:

ఉత్తరం ఇంకా ఇవ్వకండి మేడమ్. నేను పన్నెండేళ్ళుగా లాప్‌టాప్‌లు బాగు చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలు దుకాణం మోసంలా లేవు.

మొదటి సంగతి, యు రకం ప్రాసెసరును మదర్‌బోర్డు మీద సోల్డర్ చేసి బిగిస్తారు. డెస్క్‌టాప్‌లో లాగా పీకి ఇంకొకటి పెట్టడం దుకాణంలో కూర్చుని చేసే పని కాదు. రెండో సంగతి, టాస్క్ మేనేజర్‌లో కనిపించే పేరును ప్రాసెసరు తనంతట తానే విండోస్‌కు చెబుతుంది. ఆ పేరును రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన వివరాలు రాసిపెట్టుకునే చోట, దిద్ది ఇంకో పేరు చూపించే దొంగపని లేకపోలేదు గానీ, కంప్యూటరును రీస్టార్ట్ చేయగానే విండోస్ ఆ వివరాన్ని మళ్ళీ చిప్పు నుంచే చదువుకుంటుంది కాబట్టి ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది. అనుమానం తీరాలంటే సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములో కూడా ఒకసారి చూడండి.

1235యు అన్న చిప్పులో రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లు ఉంటాయి. పెద్ద కోర్ ఒక్కొక్కటి రెండు థ్రెడ్లు నడుపుతుంది, చిన్నది ఒకటే నడుపుతుంది. అందుకే 10 కోర్లకు 12 థ్రెడ్లు. మీకు కనిపిస్తున్న 2 కోర్లు, 4 లాజికల్ ప్రాసెసర్లు అన్న లెక్క సరిగ్గా ఆ రెండు పెద్ద కోర్ల లెక్కే. అంటే చిప్పు అసలుదే, ఎనిమిది చిన్న కోర్లకు ఎవరో తాళం వేశారు. ఆ తాళం వేయగలిగే చోట్లు రెండు.

ఒకటి విండోస్‌లో ఉంది. కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైపు చేయండి. బూట్ అన్న పుటలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్న బటన్ నొక్కితే నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ అన్న గడి కనిపిస్తుంది. ఆ గడిలో టిక్ ఉండకూడదు. టిక్ పెట్టి 4 అని ఎంచుకుంటే విండోస్ మొదటి నాలుగు లాజికల్ ప్రాసెసర్లనే లేపి, మిగిలిన వాటిని లేనట్టే వదిలేస్తుంది. లెక్క సాధారణంగా పెద్ద కోర్ల నుంచే మొదలవుతుంది కనుక మీకు ఆ రెండే మిగిలాయి. ఆ పక్కనే మాగ్జిమమ్ మెమొరీ అన్న గడి కూడా ఉంటుంది, అక్కడా టిక్ లేకుండా చూసుకోండి.

రెండోది బయోస్, అంటే విండోస్ కన్నా ముందే లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాము. కొన్ని మోడళ్ళలో పనిచేసే కోర్ల సంఖ్యను అక్కడే తగ్గించవచ్చు. అయితే బయోస్‌లో చేయి పెట్టే ముందు మీ బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఎక్కడ ఉందో వెతికి పెట్టుకోండి. అది లేక డిస్కు తెరుచుకోని లాప్‌టాప్‌లు నా బల్ల మీదకు నెలకు ఒకటైనా వస్తాయి. ముందు విండోస్‌లోది చూడండి. మీ ఇంట్లో ఎవరైనా వేగం పెంచే చిట్కా అని వీడియో చూసి ఏమైనా మార్చారేమో కూడా అడగండి.

గాజువాక లినక్స్:

పై మాటకు చిన్న చేర్పు. తాళం విండోస్‌లో ఉందా, అంతకన్నా కింద ఉందా అన్నది తేల్చుకోవడానికి ఉబుంటు అన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ప్రయత్నించి చూసే పద్ధతిలో దాని మీదే కంప్యూటరును లేపండి. టెర్మినల్‌లో ఎల్, ఎస్, సీ, పీ, యూ అన్న అయిదు చిన్న బడి అక్షరాలను ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే, సీపీయూలు ఎన్నో, వాటిలో ఆన్‌లైన్‌లో ఉన్నవి ఏవో చూపిస్తుంది. అక్కడ 12 అని, జాబితాలో 0 నుంచి 11 వరకు అని వస్తే లోపం విండోస్ అమరికలోనే ఉన్నట్టు. అక్కడా 4 వస్తే బయోస్ చూడాలి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో చేసిన మార్పు ఉబుంటుకు తెలియదు.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

మరమ్మతుల వారు చెప్పినదే జరిగి ఉంటుందని నా నమ్మకం కూడా. అయితే అమ్మాయి ప్రశ్నలో ఇంకో చిక్కు ఉంది. కోర్, థ్రెడ్, లాజికల్ ప్రాసెసర్ అన్న మూడు మాటలనూ ప్రకటనల్లో కలగాపులగం చేస్తారు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పినవాడిని కనుక కొంచెం విడమరుస్తాను.

కోర్ అంటే లెక్క చేసే యంత్రం. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రిజర్వేషన్ గుమస్తాను ఒక కోర్ అనుకోండి. అతని ముందు ఒకే కిటికీ ఉంటే, ప్రయాణికుడు చిల్లర కోసం సంచీ వెతుక్కుంటున్నంతసేపూ గుమస్తా చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. అదే గుమస్తాకు రెండు కిటికీలు ఇచ్చారనుకోండి, ఈ కిటికీలో ఆయన చిల్లర వెతుక్కుంటుండగా ఆ కిటికీలో ఇంకొకరికి టికెట్టు కొడతాడు. బయట నిలబడి చూసేవారికి ఇద్దరు గుమస్తాలు ఉన్నట్టే ఉంటుంది. ఆ కిటికీలే లాజికల్ ప్రాసెసర్లు, పెట్టె మీద థ్రెడ్లు అని రాసేదీ ఈ కిటికీల లెక్కే. ప్రాసెసరుకు చిల్లర కోసం ఆగడమంటే మెమొరీ నుంచి డేటా రావడం కోసం ఆగడం. ఇంటెల్ దీనికి పెట్టుకున్న పేరు హైపర్ థ్రెడింగ్. 2002లో జియాన్, పెంటియం 4 ప్రాసెసర్లతో ఇది జనంలోకి వచ్చింది. కిటికీలు రెట్టింపు అయినంత మాత్రాన పని రెట్టింపు కాదు. ప్రయాణికులందరూ సరిపడా చిల్లరతో వస్తే రెండో కిటికీ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు.

అసలు ఇన్ని కోర్లు ఎందుకు వచ్చాయన్నది కూడా తెలుసుకోదగ్గదే. ఒకప్పుడు వేగమంటే గిగాహెర్ట్జ్, అంటే ప్రాసెసరు లోపలి గడియారం కొట్టుకునే వేగం, ఒక్కటే. 2004లో పెంటియం 4 ప్రాసెసరు 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాదే ఆ ఆలోచన మానుకుంది. గడియారం వేగం పెంచిన కొద్దీ విద్యుత్తు, వేడి అంతకు మించి పెరిగిపోవడమే కారణం. ఒక గుమస్తాను ఎంత తరిమినా ఇక పరిగెత్తలేడని తేలాక, ఇద్దరు గుమస్తాలను పెట్టారు. ఐబీఎం 2001లోనే పవర్4 అన్న చిప్పులో రెండు కోర్లు పెట్టింది. ఇళ్ళలోకి అవి 2005లో పెంటియం డి, అథ్లాన్ 64 ఎక్స్2 రూపంలో వచ్చాయి.

ఇక మీ చిప్పు సంగతి. 2022 మొదట్లో వచ్చిన ఈ 12వ తరం లాప్‌టాప్ చిప్పులో గుమస్తాలందరూ ఒకే స్థాయి వారు కారు. పెద్ద కోర్ గరిష్ఠంగా 4.4 గిగాహెర్ట్జ్ వరకు, చిన్న కోర్ 3.3 వరకు వెళ్తాయి. గడియారం వేగం ఒక్కటే కాదు, దాని ఒక్కో టిక్కుకు చేసే పని కూడా చిన్నదానిలో తక్కువ. నాలుగు చిన్న కోర్లు కలిసి చిప్పు మీద దాదాపు ఒక పెద్ద కోర్ అంత చోటే తీసుకుంటాయి, విద్యుత్తు కూడా పొదుపుగా వాడతాయి. ఏ పని ఎవరికి అప్పగించాలన్నది విండోస్ 11, చిప్పులో ఉన్న థ్రెడ్ డైరెక్టర్ ఇచ్చే కబురును బట్టి నిర్ణయిస్తుంది. కాబట్టి పెట్టె మీది 10 అన్న అంకెను పది సమానమైన కోర్లుగా చదువుకోకూడదు. నాకు అడిగే హక్కు ఉంటే పెట్టె మీద 2 పెద్దవి, 8 చిన్నవి అని అచ్చు వేయమంటాను.

అలాగని థ్రెడ్లు ఎప్పుడూ కోర్ల కన్నా ఎక్కువే ఉండాలన్న నియమమూ లేదు. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1లో 8 కోర్లు, 8 థ్రెడ్లే. 2024లో ఇంటెల్ తెచ్చిన కోర్ అల్ట్రా 200వి వరుసలోనూ అంతే, అక్కడ హైపర్ థ్రెడింగ్‌నే తీసేశారు. అటువంటి యంత్రంలో రెండు అంకెలూ ఒకటిగా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

పెందుర్తి పాత లాప్‌టాప్:

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నా దగ్గర ఉన్నది కోర్ ఐ7-7500యు. ఐ7 అంటే ఏడు కోర్లని కొన్న రోజున మా నాన్నగారు అనుకున్నారు, నేను కనీసం నాలుగు ఉంటాయనుకున్నాను. టాస్క్ మేనేజర్‌లో 2 కోర్లు, 4 లాజికల్ ప్రాసెసర్లు అని ఉంది. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో చూశాను, టిక్ ఏమీ లేదు. ఇది కూడా తాళమేనా?

డాబాగార్డెన్స్ మరమ్మతులు:

కాదండి. 7500యులో కర్మాగారం నుంచి వచ్చినవే రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ధరల వరుసలు, వాటికి కోర్ల సంఖ్యతో సంబంధం లేదు. మీ తరువాతి ఏడాది, 2017లో వచ్చిన ఐ5-8250యులో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి. అంటే కొత్త ఐ5 పాత ఐ7ను దాటేసింది. ఐ అంకె తరువాత ఉన్న పూర్తి నంబరును, చివరి అక్షరాన్ని ఇంటెల్ సైటులో వెతికి, అక్కడి కోర్ల సంఖ్యను మీ తెర మీది సంఖ్యతో పోల్చుకోండి. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేవారు డబ్బు చేతికి ఇచ్చే ముందే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కి ఆ సంఖ్యలు చూసుకోవాలి. నిజాయతీగా అమ్మేవారు ఎవరూ ఆ పది సెకన్ల పనికి అడ్డు చెప్పరు, చెబితే కొనకండి.

ఎండాడ విద్యార్థిని:

మీ అందరికీ ధన్యవాదాలు. దొరికింది. నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్ గడిలో టిక్ ఉంది, పక్కన 4 అని ఉంది. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడిని పిలిచి అడిగితే, సంక్రాంతి సెలవుల్లో ఒక వీడియో చూసి, ఆట వేగంగా నడవాలని తనే పెట్టానని ఒప్పుకున్నాడు. వీడియోలో మనిషి లాప్‌టాప్‌లో అన్నిటికన్నా పెద్ద అంకె 4 కాబట్టి వీడూ 4 పెట్టాడట. టిక్ తీసి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు కోర్లు 10, లాజికల్ ప్రాసెసర్లు 12 అని వస్తోంది. గ్రాఫు మీద కుడి బటన్ నొక్కి లాజికల్ ప్రాసెసర్లుగా చూపించమంటే పన్నెండు చిన్న గళ్ళు వచ్చాయి.

కానీ అసలు కష్టం అలాగే ఉంది. ప్రోగ్రాము మళ్ళీ నడిపితే ఈసారీ 41 నిమిషాలే పట్టింది. పైగా డీటెయిల్స్ పుటలో వాడకం 25 నుంచి 8 శాతానికి పడిపోయింది. కోర్లు పెరిగాక వాడకం తగ్గడమేమిటో, సమయం మారకపోవడమేమిటో నాకు బోధపడలేదు.

విశ్రాంత అధ్యాపకుడు, ఎంవీపీ కాలనీ:

అమ్మా, ఆ 8 శాతంలోనే సమాధానం ఉంది. నూటిని పన్నెండుతో భాగించి చూడండి, 8.33 వస్తుంది. నూటిని నాలుగుతో భాగిస్తే 25. రెండుసార్లూ మీ ప్రోగ్రాము సరిగ్గా ఒకే ఒక కిటికీ దగ్గర నిలబడి ఉంది. మునుపు కాంప్లెక్స్‌లో నాలుగు కిటికీలు ఉండేవి, ఇప్పుడు పన్నెండు ఉన్నాయి. మీ ముప్పై మంది ప్రయాణికులు మాత్రం ఒకే వరుసలో ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నారు. పైగా అది ముందు నుంచీ పెద్ద కోర్ మీదే నడుస్తోంది కాబట్టి చిన్న కోర్లు మేలుకున్నా దానికి తేడా తెలియలేదు.

వరుసను విడగొట్టడం ప్రోగ్రాము రాసిన మీ చేతిలో పని. మీ ఫైళ్ళు ఏడాదికి ఒకటి అన్నారు. 1995 ఫైలు లెక్కకు 1996 ఫైలుతో పని లేకపోతే వాటిని వేర్వేరు కోర్లకు పంచవచ్చు. మామూలు పైథాన్‌లో థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాము లోపల విడిగా నడిచే పని వరుసలు, పెడితే ఇటువంటి లెక్కల్లో లాభం ఉండదు, ఎందుకంటే దాని లోపలి తాళం ఒకటి ఒక్కసారి ఒక్క థ్రెడ్‌నే నడవనిస్తుంది. మల్టీప్రాసెసింగ్ అన్న మాడ్యూల్‌లోని పూల్ వాడి, విడి ప్రాసెస్‌లుగా పంచండి.

ముందే ఒక మాట చెప్పి ఉంచుతాను. చివర ముప్పై ఏళ్ళ ఫలితాలను ఒక పట్టికగా కలపడం లాంటి, విడగొట్టడానికి వీలులేని పని కొంత ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన లెక్క ప్రకారం, మొత్తం పనిలో పదో వంతు అలాంటిదైతే, సమానమైన కోర్లు ఎనిమిది పెట్టినా వేగం 4.7 రెట్లకు మించదు, లెక్కలేనన్ని కోర్లు పెట్టినా పది రెట్లకు చేరదు. మీ కోర్లు సమానమైనవి కూడా కావు కాబట్టి ఇంకా తక్కువే ఆశించండి.

డాబాగార్డెన్స్ మరమ్మతులు:

మాస్టారు చెప్పినదానికి వేడి సంగతి కలుపుతాను. 1235యు అన్నది 15 వాట్ల తరగతి చిప్పు. కొద్దిసేపు 55 వాట్ల దాకా ఎగబాకగలదు గానీ, అన్ని కోర్లూ ఒకేసారి పని మొదలుపెట్టాక లాప్‌టాప్ ఆ వేడిని బయటికి తోలలేకపోతే గడియారం వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మన ఊళ్ళో మే నెల ఉక్కలో, పరుపు మీద పెట్టి నడిపితే ఆ తగ్గుదల టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ అన్న అంకె దగ్గర కళ్ళకు కనిపిస్తుంది. గట్టి బల్ల మీద, ఛార్జర్ పెట్టి నడపండి. వెనుక జాలీలో దుమ్ము పేరుకుంటే శుభ్రం చేయించండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళ నుంచి వచ్చే యంత్రాల్లో ఆ దుమ్ము ఉప్పు తేమతో కలిసి ఫ్యాను రెక్కలకు బంకలా అంటుకుని ఉంటుంది, ఊదితే పోదు.

ఎండాడ విద్యార్థిని:

నిన్న రాత్రి కూర్చుని ప్రోగ్రాము మార్చాను. ఫలితాలు రాస్తున్నాను, నాలాంటివారికి ఎవరికైనా పనికివస్తాయి. నాలుగు ప్రాసెస్‌లతో 15 నిమిషాలు పట్టింది. ఎనిమిదితో 11 నిమిషాలు. పన్నెండు కిటికీలున్నాయి కదా అని పన్నెండు పెడితే 14 నిమిషాలకు పెరిగింది. మొదట అర్థం కాలేదు గానీ మెమొరీ గ్రాఫు చూస్తే పైకప్పుకు అంటుకుని ఉంది. ఒక్కో ప్రాసెస్ ఒక్కో ఏడాది ఫైలును మొత్తంగా మెమొరీలోకి లాక్కుంటోంది, నాది 8 జీబీ యంత్రం, మిగిలినదాన్ని డిస్కు మీదకు తోసి మళ్ళీ తెచ్చుకోవడంలోనే సమయమంతా పోయింది. ఎనిమిది దగ్గరే ఉంచేశాను. మాస్టారు అన్న విడగొట్టలేని పని నా ప్రోగ్రాములో నాలుగు నిమిషాలు, అంటే ఇంచుమించు పదో వంతే. సమానమైన ఎనిమిది కోర్లైతే తొమ్మిది నిమిషాల లోపే అయ్యేదని లెక్క వేసుకున్నాను. మిగిలిన తేడా చిన్న కోర్లదీ వేడిదీ అనుకుంటున్నాను.

దుకాణానికి రాసిన ఉత్తరం చించేశాను. మా తమ్ముడిని మందలిస్తే, "వేగం పెరుగుతుందని వాళ్ళే చెప్పారు కదా అక్కా" అని, ఇదే చిట్కాను పై వాటాలోని పిన్నిగారి లాప్‌టాప్‌లో కూడా పెట్టానని చల్లగా చెప్పాడు. వాళ్ళది ఏ ప్రాసెసరో తెలియదు, అక్కడ ఎంత పెట్టాడో వీడికి గుర్తులేదు. ఇప్పుడు పైకే వెళ్తున్నాను.